వదులు తాడు

ఆ గెడ పొడవు పదడుగులు. చివర ఇనప కొక్కెం, కొక్కేనికి తాడు, తాడుకి వెడల్పాటి నడుం పట్టీ. మా ఊరి ఈతకొలను గట్టు మీద ముప్పై ఒక్క ఏళ్ళు ఆ గెడతోనే ఈత నేర్పాను. పిల్లకి పట్టీ కట్టి నీళ్ళలో దించేవాణ్ణి. పిల్ల కాళ్ళూ చేతులూ ఆడిస్తుంటే గెడ పట్టుకుని గట్టు వెంట పక్కనే నడిచేవాణ్ణి. గాలం వేసినట్టుందని చూసేవాళ్ళు నవ్వేవాళ్ళు.

నవ్వితే నవ్వనీ. పనంతా చేతిలో ఉంది. మొదట్లో తాడు బిగువుగా ఉండాలి. తర్వాత పిల్లకి తెలియకుండా వేలెడు, ఇంకో వేలెడు వదలాలి. ఒకరోజు తాడు నీళ్ళ మీద వదులుగా తేలుతూ ఉంటుంది. తాడే తనని మోస్తోందనుకుని పిల్ల ఈదుతూ ఉంటుంది. అప్పుడు "తాడు చూడు" అని చెప్పాలి. పిల్ల చూస్తుంది. ఆ మొహం చూడటానికే నేను ముప్పై ఒక్క ఏళ్ళు వానలో నిలబడ్డాను.

తర్వాత కొత్త మాస్టార్లు వచ్చారు. వాళ్ళు పిల్లలతో పాటు నీళ్ళలోకే దిగుతారు. అది మంచి పద్ధతే. గెడ షెడ్డులోకి వెళ్ళింది, నేను ఇంటికి వెళ్ళాను. ఇల్లు కొలను వెనకాలే. నా భార్య ఫెన్నా పోయి అప్పటికి ఆరేళ్ళు. పిల్లలు లేరు. పొద్దున్నే కొలను తాళం తీయడం, నీళ్ళ మీద ఆకులు తీయడం మాత్రం నాకే వదిలేశారు. పది గంటలకి జనం వస్తారు, నేను వచ్చేస్తాను. మొదటినుంచీ నేను తక్కువ మాట్లాడతాను. ఫెన్నా పోయాక కొన్ని రోజులు సాయంత్రమయ్యేసరికి నా గొంతు నేనే వినలేదని గుర్తొచ్చేది. అప్పుడు రేడియోలో నదుల నీటి మట్టాలు చదివే మనిషితో పాటు నేనూ పైకి చదివేవాణ్ణి. లోబిత్ ఊరి దగ్గర, ఇంత. డెవెంటర్, ఇంత. రెండు తగ్గింది. ఒకటి పెరిగింది.

ఆ ఏడు మే నెలలో టికెట్ల కిటికీ దగ్గర కూర్చునే ఫ్రౌకియా నన్ను పిలిచింది.

"బాబాయ్, నీకో శిష్యురాలు దొరికింది."

"నేను మానేశాను."

"కొత్త మాస్టార్లు వద్దంటోంది. స్పాంజి ముక్కలు పట్టుకుని ఈదనంటోంది. తాడు కావాలట. తాడున్న మాస్టారు ఈ జిల్లాలో నువ్వొక్కడివే మిగిలావు."

"వయసెంత?"

"నీకంటే చిన్నదే. ఆశపడకు, మరీ చిన్నదేం కాదు."

ఆవిడ పేరు హిల్లె. అరవై తొమ్మిది. పొట్టి, గట్టి మనిషి. కాళ్ళకి రబ్బరు బూట్లు. గేటులోంచి వస్తూనే నా చేతిలో గెడ చూసింది, నన్ను చూడలేదు. తాడు రెండు చేతులతో లాగి చూసింది.

"పాతది."

"ఆగుతుంది."

"నేను ఒక బస్తా బంగాళాదుంపల బరువు కాదు మాస్టారూ. రెండు బస్తాలు."

"రెండు బస్తాలు ఆగుతుంది."

తన సంగతి ఆవిడే చెప్పింది. పుట్టింది సరుకు పడవలో. పెళ్ళి చేసుకుంది ఇంకో సరుకు పడవవాణ్ణి. పడవ పేరు 'ఎన్నడూ అనుకోలేదు'. బంగాళాదుంపలు, గడ్డి, ఇటుకలు మోసి మోసి పడవ ముసలిదైంది. మొగుడు హార్మ్ చలికాలంలో పోయాడు. ఇప్పుడు పడవ మా ఊరి కాలువ రేవులో కట్టి ఉంది, ఆవిడ ఒక్కతే అందులో ఉంటోంది. ఫిబ్రవరిలో మంచుకి, గట్టు నుంచి పడవకి వేసిన పలక మీద కాలు జారి నడుందాకా నీళ్ళలో పడింది. దారిన పోయే పాలవాడు పైకి లాగాడు.

"దాంతో మా యాంటీన నన్ను పట్టుకుంది" అంది. యాంటీన ఆవిడ కూతురు. గట్టు మీది మనిషిని చేసుకుని గట్టునే స్థిరపడింది. "పెద్దల నివాసంలో నా పేరు రాయించేసింది. అక్టోబరులో గది ఖాళీ అవుతుందట. పోట్లాడీ పోట్లాడీ ఒక మాట మీదికి వచ్చాం. సెప్టెంబరు పరీక్షలో ఈత కాగితం తెచ్చుకుంటే పడవలో ఉంటాను. లేకపోతే నోరు మూసుకుని గదిలోకి పోతాను. మాటిచ్చేశాను."

"ఇంతకుముందెప్పుడూ నేర్చుకోలేదా?"

"అరవై తొమ్మిదేళ్ళు నీళ్ళ మీద బతికా మాస్టారూ. నీళ్ళలో ఒక్కరోజు కూడా లేను. పడవవాళ్ళకి ఈతెందుకు? పడిపోతారనా? పడకుండా ఉండటమే మా చదువు."

రోజూ పొద్దున్న ఏడున్నరకి మొదలుపెట్టేవాళ్ళం. మొదటి వారమంతా ఆవిడ మెట్ల మీదే కూర్చుంది, నీళ్ళు చీలమండల దాకా. మెట్ల పక్క కమ్మీ పట్టుకున్న చెయ్యి తెల్లబడిపోయేది.

"మొహం కడుక్కోండి" అన్నాను.

"ఇంట్లో కడుక్కునే వచ్చాను."

"మళ్ళీ కడుక్కోండి."

ముందు మొహం. తర్వాత నోరు నీళ్ళలో పెట్టి ఊదడం. వేడి బఠాణీ సూపు ఊదినట్టు ఊదమన్నాను. "మీ ఇంట్లో సూపు ఇంత చల్లగా ఉంటుందా?" అంది, కానీ ఊదింది. తర్వాత కళ్ళు. నీళ్ళలో కళ్ళు తెరవడానికి మనిషికి చూడటానికి ఏదైనా ఉండాలి. ఇంటి నుంచి ఫెన్నా చెంచాలు తెచ్చి అడుగున పడేశాను.

ఆవిడ ముక్కు పట్టుకుని తల ముంచింది. పైకి వచ్చి తుమ్మింది.

"నాలుగు."

"మూడే వేశాను."

"ఒకటి వంకరగా ఉంది. దాన్ని రెండుగా లెక్కపెట్టా."

నేను నవ్వాను. ఎన్నాళ్ళకో నవ్వేసరికి దగ్గొచ్చింది.

వెల్లకిలా తేలడం దగ్గర మాత్రం రెండు వారాలు ఆగిపోయింది. పట్టీ నడుముకి ఉన్నా, తాడు బిగువుగా ఉన్నా, చెవులు నీళ్ళలోకి వెళ్ళగానే లేచిపోయేది.

"చెవులు మునిగితే ఏమీ వినపడదు. పడవలో నేను చెవులతో నిద్రపోతాను. ఏదైనా చప్పుడు మారితే లేస్తాను. ఏమీ వినపడకపోతే ఎలా?"

"వినపడుతుంది. వినండి."

ముంచింది. మొహం బిగిసిపోయింది. ఉన్నట్టుండి వదులైంది. కొలను కింద నీళ్ళు తిప్పే యంత్రం తిరుగుతూ ఉంటుంది. పైన వినపడదు, నీళ్ళలో వినపడుతుంది. ఆవిడ అలాగే పడుకుని ఆకాశం వైపు చూస్తూ బిగ్గరగా అరిచింది.

"ఇంజను! మా పాత ఇంజనులాగే కొట్టుకుంటోంది! ఒక దెబ్బ తప్పుతోంది కూడా!"

ఆ రోజు పావుగంట తేలింది. రమ్మన్నా రాలేదు.

పాఠం అయ్యాక బెంచీ మీద కాఫీ. ఫ్లాస్కు నాది. దాల్చినచెక్క వేసిన కేకు, వెన్న రాసి, ఆవిడ తెచ్చేది. ఆవిడ మాట్లాడేది, నేను వినేవాణ్ణి. "మాటలకి పన్ను కడతారా మాస్టారూ?" అని అడిగింది ఒకసారి. తల ఊపాను. "అదిగో, తల ఊపినందుకు సగం పన్ను" అంది. తెల్లారుతూనే కాఫీ కాచడానికి లేవడం నాకు అలవాటైపోయింది. మట్టాలు పైకి చదవడం మానేశాను. మానేశానని కూడా గమనించలేదు.

కప్ప ఈత చేతులు జూన్‌లో వచ్చాయి, కాళ్ళు జులైలో. కానీ తాడు వేలెడు వదిలితే చాలు, ఆవిడకి తెలిసిపోయేది. చెయ్యి వెనక్కి వేసి తాడు పట్టుకునేది, మునిగేది, నీళ్ళు మింగేది. పిల్లలెవరికీ అంత తొందరగా తెలియదు.

"పడవ పిల్లలం మాస్టారూ" అంది వణుకుతూ. "నడవడం రాగానే నడుముకి తాడు కడతారు. రెండో కొస అమ్మ చేతికి. అమ్మ చుక్కాని పట్టుకుని ముందుకే చూస్తుంటుంది. తాడు బిగువుగా ఉంటే పిల్ల ఉన్నట్టు. వదులైతే అమ్మ గుండె ఆగినట్టే. మా యాంటీన మూడేళ్ళప్పుడు తాడు వదులైంది. చుక్కాని వదిలేసి పరిగెత్తాను, కొక్కెంతో నీళ్ళన్నీ గాలించాను. పడవ పోయి లాకు తలుపుని గుద్దింది. లాకు కాపరి తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తు. అదేమో ముడి విప్పుకుని కింద గదిలో కూర్చుని పంచదార తింటోంది." గుక్కెడు కాఫీ తాగింది. "దాని వీపు పగలగొట్టాను. ఇప్పుడు నా పేరు గదికి రాయించి ఆ బాకీ తీర్చుకుంటోంది."

నేను ఆవిడ కప్పు మళ్ళీ నింపాను. అనాల్సింది చాలా ఉంది.

ఆగస్టు మూడో తారీఖు. ఈదబోయే ముందు మెట్ల మీద నిలబడి ఆవిడ అంది: "కాగితం చేతికి రానీండి. మర్నాడే పడవ మోకు విప్పేస్తా. దక్షిణాన మా తమ్ముడి రేవు ఉంది. చలికాలం అక్కడే. ఈ ఊళ్ళో నాకేముంది, యాంటీన మొహం తప్ప?"

నీళ్ళలోకి దిగింది. ఆ రోజు గాలి లేదు. ఆవిడ ఏదో పాట గొణుక్కుంటూ ఈదుతోంది, గొణిగే మనిషి భయపడదు. వేలెడు వదిలాను. ఇంకో వేలెడు. కొలను సగం దాటేసరికి తాడు నీళ్ళ మీద వంపు తిరిగి తేలుతోంది. ఆవిడ ఈదుతూనే ఉంది. ఒక్కతే.

"తాడు చూడండి" అనాలి.

అనలేదు. మెల్లగా గెడ ఎత్తి తాడు మళ్ళీ బిగించాను. ఆవిడ అవతలి గట్టు పట్టుకుని ఊపిరి తీసుకుంటూ అడిగింది.

"ఎలా ఉంది?"

"ఇంకా కొంచెం" అన్నాను.

ఆ మర్నాడు కూడా బిగించే పట్టుకున్నాను. ఆ పై వారమూ అంతే. ఆవిడకి అవసరం లేని తాడుని నా చెయ్యి నొప్పి పుట్టేదాకా లాగి పట్టుకున్నాను. "రాలేదా ఇంకా?" అంటే "ఇంకా కొంచెం" అనేవాణ్ణి. కాఫీ తాగేవాళ్ళం. ఆవిడ కబుర్లు తగ్గుతూ వచ్చాయి. అది నేను చూశాను. చూసి మర్నాటికి ఫ్లాస్కు నింపుకున్నాను.

పరీక్షకి వారం ఉందనగా ఆవిడ ఈత బట్టల సంచీ లేకుండా వచ్చింది. గళ్ళ గౌను మీద ఉన్ని కోటు, రబ్బరు బూట్లు.

"ఇక చాలు మాస్టారూ. గదికి ఒప్పుకున్నాను. నిన్న యాంటీనకి చెప్పేశాను. కిటికీలోంచి కాలువ కనిపిస్తుందట."

నేను గెడ పట్టుకుని నిలబడ్డాను.

"మీరు కష్టపడ్డారు" అంది. "నాదే మొద్దు శరీరం. నాలుగు నెలలయినా మీరు తాడు వదల్లేదంటే, నాకింక రాదనేగా. మీ చేతి బిగువు నాకు తెలుస్తుంది."

పెద్దల నివాసం మా ఇంటికి నాలుగు వీధుల అవతల. సైకిల్ మీద అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాలూ నేను అక్కడ నిలబడే మనసులో చూసుకున్నాను, ఏ వీధిలో మలుపు తిరగాలో, సైకిల్ ఎక్కడ ఆపాలో. దాచడం ఎందుకు?

ఆవిడ కోటు జేబులోంచి గుడ్డ మూట తీసి నా చేతిలో పెట్టింది. ఫెన్నా చెంచాలు. వారం కిందట అడుగున మర్చిపోతే తీసుకెళ్ళిందట. తోమి తెచ్చింది. వంకర చెంచా వంకరగా లేదు.

"హార్మ్ సుత్తితో సరిచేశాను. మీ ఆవిడవని ఫ్రౌకియా చెప్పింది. లెక్క తప్పకుండా చూసుకోండి, మూడే."

అప్పుడు నా నోరు తెరుచుకుంది.

"మీకు ఈత వచ్చు."

"ఊరడించకండి."

"ఆగస్టు మూడు నుంచి వచ్చు. ఆ రోజు తాడు వదులుగా ఉంది. మీరు సగం కొలను ఈదారు. నేను చెప్పలేదు. మళ్ళీ బిగించాను."

ఆవిడ చూపు నా చేతిలో గెడ మీదికి, తాడు మీదికి పోయింది.

"మర్నాడు?"

"మర్నాడూ నేనే బిగించాను. అప్పటినుంచీ రోజూ నేనే."

"ఎందుకు?"

మాటలు అల్లడం నాకు రాదు. మూడేళ్ళ బడి చదువు. ఉన్నదే చెప్పాను.

"పొద్దున్న పూట ఎవరూ రారు" అన్నాను.

ఆవిడ మొహం ఎర్రబడింది. "నీకు కాఫీకి తోడు కావాలని నా పడవ పోగొట్టేవాడివా? గట్టు మనిషివి! తాడంటే నీకేం తెలుసు? తాడుతో ఆటలాడతావా?"

"నేను పడవలోనే పుట్టాను."

"ఏ పడవ?"

"'ఇద్దరన్నదమ్ములు'. వీండమ్ రేవు. నాకు పదేళ్ళప్పుడు మా నాన్న అమ్మేశాడు."

నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది, నాలుగు నెలల్లో మొదటిసారి చూస్తున్నట్టు.

"మీ అమ్మ తాడు ఎక్కడ కట్టుకునేది?"

"ఎడమ మణికట్టుకి."

కొలనులో ఒక ఆకు పడింది.

"అయితే మరీ సిగ్గుచేటు" అంది.

కోటు విప్పి బెంచీ మీద పడేసింది. గౌనుతోనే, బూట్లతోనే లోతు వైపు నడిచింది. నేను పట్టీ పట్టుకుని వెనకాల వెళ్ళాను.

"పట్టీ వద్దు."

"హిల్లె గారూ, బూట్లు. నీళ్ళు నిండితే..."

"గెడ అవతల పెట్టు!"

దూకింది. నేరుగా అడుక్కి పోయింది. పైకి బుడగలు వచ్చాయి, ఆవిడ రాలేదు. నేను గెడ పడేసి చొక్కా గుండీలు లాగుతున్నాను. ఒక బూటు పైకి తేలింది. తర్వాత ఆవిడ తల. దగ్గుతోంది, చేతులు నీళ్ళని కొడుతున్నాయి, కళ్ళు నాకోసం కాదు, తాడు కోసం వెతుకుతున్నాయి. తాడు గట్టు మీద చుట్టుకుని ఉంది.

"చెవులు ముంచు! ఇంజను విను!" అని అరిచాను. అంత గట్టిగా అరిచి నేను ఎన్నేళ్ళయిందో.

వెల్లకిలా తిరిగింది. చెవులు మునిగాయి. గౌను చుట్టూ ఉబ్బి తేలింది. ఛాతీ ఎగిసి పడుతూ పడుతూ నెమ్మదించింది. రెండో బూటు కాలితో తన్నేసింది. బోర్లా తిరిగి కప్ప ఈత మొదలుపెట్టింది. నేను గట్టు వెంట పక్కనే నడిచాను, వట్టి చేతులతో. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అవతలి గట్టు పట్టుకుని తల పైకెత్తింది.

"తాడు చూశావా?" అని అరిచింది. "ఏదీ తాడు? ఎక్కడుంది?"

మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగు నా కోసం కాదు.

ఆ వారమంతా రోజూ వచ్చింది, పట్టీ లేకుండా. రెండు వెడల్పులు ఈదింది, నిలువుగా నీళ్ళు తొక్కింది. ఏం చేయాలో చెబితే చేసింది. కాఫీకి ఆగలేదు, కేకు తేలేదు. నేను ఫ్లాస్కు తెచ్చి, తిరిగి ఇంటికి పట్టుకెళ్ళేవాణ్ణి.

శనివారం పరీక్ష. ఏడెనిమిదేళ్ళ పిల్లలు పదకొండు మంది, వాళ్ళ చివర ఆవిడ. పరీక్ష నియమం ప్రకారం బట్టలతో, బూట్లతో దూకారు. నీళ్ళలో నిలువుగా వేలాడదీసిన గుడ్డకి చిల్లు ఉంటుంది, అడుగునుంచి పోయి అందులోంచి దూరాలి. పిల్లలు చేపల్లా దూరారు. ఆవిడ నడుం ఇరుక్కుంది. గుడ్డ మొత్తం ఊగింది. గట్టు మీది పిల్లలు "లాగు అమ్మమ్మా, లాగు!" అని గంతులేశారు. గుడ్డ అవతల తల తేలింది. యాంటీన గొడుగు కింద పెదాలు బిగబట్టుకుని నిలబడింది. తల్లి పైకి తేలగానే గొడుగు జారవిడిచింది. కాగితం చేతికిచ్చినప్పుడు హిల్లె నా వైపు చూడలేదు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే ఫ్రౌకియా సైకిల్ మీద పోతూ మా కిటికీ కొట్టింది.

"బాబాయ్, నీ శిష్యురాలు ఇంజను వేసింది. మోకు విప్పడానికి రేవులో పురుగు కూడా లేదు, అంతా చర్చిలో ఉన్నారు. నేనూ పోతున్నా. నువ్వు వెళ్ళు."

వెళ్ళాను. 'ఎన్నడూ అనుకోలేదు' పొగ వదులుతోంది. ఆవిడ చుక్కాని దగ్గర ఉంది. నడుముకి ఏ తాడూ లేదు. ఒంటి మనిషి పడవ కదిలించాలంటే గట్టు మీద ఇంకొకరుండాలి, గుంజ నుంచి మోకు తీసి పైకి విసరడానికి. నన్ను చూసింది.

"మోకు తీయడం గుర్తుందా, వీండమ్ అబ్బాయ్?"

"ఉంది."

గుంజ దగ్గర వంగాను. మోకు బిగుసుకుని ఉంది, పడవ లాగుతోంది. రెండు చేతులూ దాని మీద పెట్టాను. నాకు ఏదైనా చెప్పాలని ఉంది. ఆవిడ ఇంజను కొంచెం ముందుకి వేసింది. పడవ గట్టుకి దగ్గరగా జరిగింది, మోకు నా చేతుల కింద వదులైంది.

"మాస్టారూ" అంది, కోపం లేకుండా. "తాడు చూడండి."

గుంజ మీంచి ఎత్తి పడవ మీదికి విసిరాను. సరిగ్గా పడింది. ఆవిడ తల ఊపింది.

"వచ్చే మే నెలలో ఇటు వస్తే వస్తాను."

"మేలో నీళ్ళు చల్లగా ఉంటాయి" అన్నాను. నా నోటికి వచ్చింది అదే.

ఏమందో ఇంజను చప్పుడులో వినపడలేదు. వంతెన ఎత్తారు, పడవ పోయింది, వంతెన దించారు.

ఆ నెలాఖరుకి కొలను నీళ్ళు వదిలేశాం. అడుగు తుడిచి, గెడ షెడ్డులో పెట్టి తాళం వేశాను. ఇప్పుడు సూపు ఆ వంకర తీసిన చెంచాతోనే తింటున్నాను. సాయంత్రం రేడియో పెడతాను. లోబిత్ తర్వాత ఆవిడ వెళ్ళే దారిలోని ఊళ్ళు వస్తాయి. డెవెంటర్, రెండు పెరిగింది. ఆ మనిషితో పాటు నేనూ పైకి చదువుతాను.